కరెంటు పోయిన ఆదివారాలు

మొన్న ఆదివారం రాత్రి అందరం ఒక్కచోట కూర్చుని భోంచెయ్యాలని మా కోడలు పట్టుబట్టింది. మా ఇంట్లో అదేమీ చిన్న సంగతి కాదు. అబ్బాయి ఆఫీసు పని ఎప్పుడు తెములుతుందో వాడికే తెలియదు. కోడలు బ్యాంకు నుంచి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ దాటిపోతుంది. మనవరాలు టీవీ ముందు తింటుంది. నేను వంటింటి గట్టు దగ్గరే నిలబడి ఇంత తినేసి చెయ్యి కడుక్కుంటాను. ఇంటి భోజనాన్ని పండగలా ఎలా చేసుకోవాలో కోడలు ఫోనులో ఎక్కడో చదివిందట. బల్ల మీద ఉతికిన తెల్ల దుప్పటి పరిచింది. పెళ్ళినాటి పింగాణీ పళ్ళాలు అటక మీది నుంచి దింపించింది. వాళ్ళ గుంటూరు వైపు పద్ధతిలో గుత్తివంకాయ కూర, పులిహోర చేసింది. నా కోసమని పచ్చిపులుసు కూడా చేసింది.

"అత్తయ్యగారూ, మీరిక్కడ కూర్చోండి. ఇవాళ మీరు వంటింట్లోకి రావడానికి వీల్లేదు," అంది.

నేను కూర్చోగానే మనవరాలు పరిగెత్తి ట్యూబులైటు ఆర్పేసింది. కోడలు రెండు కొవ్వొత్తులు వెలిగించబోతోంది. అగ్గిపుల్ల గీసే లోపల, ఆ కాస్త చీకట్లో, పచ్చిపులుసులో పిసికిన ఉల్లిగడ్డ వాసన ముక్కుకు తగిలింది. అంతే. కొవ్వొత్తులు వెలిగేసరికి నా కళ్ళ నిండా నీళ్ళు.

"ఏమైందండీ? కారం ఎక్కువైందా?" అని కంగారు పడిపోయింది కోడలు. నేనింకా ముద్దే కలపలేదు.

"ఏం లేదమ్మా. పొగ తగిలింది. మంచిగున్నది, మస్తు మంచిగున్నది," అన్నాను.

ఏమని చెప్పను? చెప్పడం మొదలుపెడితే అంత ప్రేమగా చేసిన వంటంతా చల్లారిపోయేది. అందుకే అక్కడ చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నాను.

ఇప్పుడు మేముండే ఎల్బీనగర్ ఫ్లాటుకూ, నేను పుట్టి పెరిగిన ఇంటికీ మధ్య పెద్ద దూరం లేదు. మెట్రో ఎక్కితే సీట్లో సర్దుకుని కూర్చునే లోపే దిగాల్సి వస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ దాటాక ఇప్పుడు కోచింగ్ సెంటర్ల బోర్డులు, చీరల దుకాణాలు తప్ప ఇంకేమీ కనిపించని ఆ దారి పొడుగునా అప్పుడు ద్రాక్షతోటలుండేవి. రాతి కడీలు పాతి, వాటి మీద ఇనుప తీగలు లాగి, ఆ తీగల మీదికి ద్రాక్షతీగలు ఎక్కించేవాళ్ళు. పందిరి కిందికి పోతే మండుటెండలో కూడా నీళ్ళ కుండలో చెయ్యి పెట్టినట్టు చల్లగా ఉండేది. మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టిన మందు వాసన, తడి మట్టి వాసన, పండి పగిలిన కాయ మీద ఈగలు ముసిరిన తియ్యటి పులుపు వాసన, అన్నీ కలిసిపోయి ఉండేవి. మా బట్టలకు కూడా అదే వాసన. బడిలో పంతులమ్మ దగ్గరికి పోతే, "తోట పిల్ల వచ్చింది," అనేది.

ఆ తోట మా తాతది. వయసులో ఉన్నప్పుడు కడీలన్నీ తనే నిలబెట్టించి, బావి తవ్వించి, ప్రతి తీగనూ చేత్తో పందిరి ఎక్కించాడట. మేం పుట్టేనాటికి తాత పెద్దవాడయ్యాడు గానీ తోట మాత్రం ఆయన మాటే వినేది. ఏ గుత్తి ఎప్పుడు కొయ్యాలో కాయను వేళ్ళ మధ్య నలిపి చూసి చెప్పేవాడు. వేలంత పొడుగు కాయలు, ఎండకు పెడితే లోపలి గింజ కనిపించేది.

మా ఇంట్లో రాత్రి భోజనానికి ఒక పద్ధతి ఉండేది. అందరూ ఒకే బంతిన కూర్చోవాలి. గోడవారగా మొదట తాత పీట, పక్కన బాపు, అంటే మా నాన్న, ఆ తర్వాత నేను, తమ్ముడు. అమ్మ వడ్డిస్తూ, చివర తన కంచం కూడా పెట్టుకుని మా పక్కనే కూర్చోవలసిందే. ఆడవాళ్ళు తర్వాత తినడమనేది మా తాత ఒప్పుకునేవాడు కాదు. మా నాయనమ్మ బతికున్నప్పటి నుంచీ అంతేనట. ఇంకో నియమం కూడా ఉండేది. తింటున్నప్పుడు ఎవరూ ఎవరినీ కోప్పడకూడదు, ఎవరూ ఏడవకూడదు. నేను పరీక్ష తప్పినా, తమ్ముడు పక్కింటి అద్దం పగలగొట్టినా చెయ్యి కడుక్కునే దాకా ఆ ఊసు ఉండేది కాదు. "బువ్వ కాడ ఏడ్వొద్దు," అనేవాడు తాత. "ఏడ్చేది ఉంటె తిన్నంక ఏడుస్తం. యాడికి పోతది?"

తర్వాత తాతకు షుగరు కళ్ళ మీదికి వచ్చింది. మొదట పేపరు చదవలేకపోయాడు. తర్వాత మనుషులను గొంతును బట్టి పోల్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ వర్షాకాలం పోయేసరికి పగలూ రాత్రీ ఒక్కటైపోయాయి. దవాఖానలో ఇక చేసేదేం లేదని చెప్పారు.

అప్పటికీ బంతికి వచ్చి కూర్చునేవాడు. ముద్ద నోటికి పోయే లోపల సగం ఒళ్ళో పడేది. పప్పనుకుని చట్నీలో వేళ్ళు పెట్టేవాడు. మేం చూడనట్టు ఉండేవాళ్ళం. ఒకనాడు మాత్రం తమ్ముడు, ఇంకా బడికి కూడా పోని పిల్లవాడు, పకపకా నవ్వి, "తాతా, నీ మీసాలకు పెరుగంటింది! పిల్లి లెక్కున్నవ్!" అన్నాడు. తాత కూడా నవ్వాడు. కండువాతో మూతి తుడుచుకున్నాడు. మర్నాడు అమ్మ పీట వేసి పిలిస్తే, "నాకు అర్రలనే పెట్టియ్యి బిడ్డా. నడుం నొస్తున్నది," అన్నాడు.

నడుం నొప్పి ఆ తర్వాత తగ్గలేదు. కిటికీ లేని ఆ వెనక గదిలో, మంచం మీద కూర్చుని, తలుపు దగ్గరికి వేసుకుని తినేవాడు. అమ్మ నిలబడితే, "ఆడ పెట్టి పో బిడ్డా, నేను తింట," అనేవాడు. కంచం సగం నిండుగానే తిరిగి వచ్చేది. చొక్కాలు వదులయ్యాయి. చేతి గడియారం మోచేతి దాకా జారిపోతుంటే తీసి బాపుకు ఇచ్చేశాడు. మా బంతిలో మొదటి పీట ఖాళీ. తాత లేకపోతే మాటలెవరు మొదలుపెట్టాలో తెలిసేది కాదు. కంచాల చప్పుడే వినిపించేది.

"ఒక్కడే కూసోని తింటె అది తినుడు గాదు, కడుపుకు ఇంత ఏసుడు," అంటూ అమ్మ ఆ సగం కంచం ముందు పెట్టుకుని ఎంతోసేపు కూర్చునేది.

ఆ సంవత్సరమే ఇంకొకటి కూడా జరిగింది. చుట్టూ కాలనీలు లేచి, ఇంటికో బోరు పడి, మా బావి అడుగు కనిపించింది. తీగలు ఎండిపోయాయి. పక్క తోటలన్నీ అప్పటికే ప్లాట్లు. బాపు ఎన్నో రోజులు అటూ ఇటూ తిరిగి, చివరికి తోట అమ్మేశాడు. తాతకు చెప్పలేదు. చెప్పకూడదని కాదు. "రేపు చెప్త," అనేవాడు అమ్మతో. కళ్ళు పోయిన మనిషికి, ఇంట్లో పడి సగం కూడు తింటున్న మనిషికి, తోట కూడా లేదని చెప్పడానికి ఆ రేపు ఎప్పటికీ రాలేదు.

ఎండాకాలం మొదట్లో ఒక సాయంత్రం గాలిదుమారం లేచి గల్లీ అంతా కరెంటు పోయింది. మేం సాయమాన్‌లో, అంటే ఇంటి ముందు వసారాలో, అప్పుడే కంచాల ముందు కూర్చున్నాం. చెయ్యి పెడితే చెయ్యి కనిపించడం లేదు. లోపలి నుంచి గోడ తడుముకుంటూ తాత వచ్చాడు. గదిలో ఉక్కపోసి ఉంటుంది.

"కరెంట్ పోయిందా?" అన్నాడు.

"పోయింది తాతా. ఏం కనబడ్తలేదు," అన్నాడు తమ్ముడు.

"కందిలి ముట్టియ్యలేదా?"

"కందిలిల గాసునూనె లేదు మామా," అంది అమ్మ.

తాత కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. "ఎవరికి కనబడ్తలేదా?" అని మళ్ళీ అడిగాడు.

"ఎవలికి కనబడ్తలేదు," అంది అమ్మ.

"అయితె నాగ్గూడ ఈడనే పెట్టు బిడ్డా."

ఆ రోజు తమ్ముడు నీళ్ళ చెంబులో చెయ్యి ముంచాడు. బాపు మిరపకాయను బెండకాయ అనుకుని కొరికి దగ్గాడు. నేను అన్నం కంచం బయట కలిపాను. మా అవస్థ వింటూ తాత నవ్వడం మొదలుపెట్టాడు. ఎన్నో నెలల తర్వాత విన్న నవ్వు. "అట్ల గాదుర పిచ్చోడా. ముందుగాల వాసన జూడు. అటెన్క కంచం అంచు వట్టుకొని మెల్లగ రా. బువ్వ యాడికి ఉరకది," అని ఒక్కొక్కరికీ నేర్పాడు. ఆ చీకట్లో మా అందరికంటే శుభ్రంగా తిన్నది ఆయనే. అమ్మ రెండోసారి అన్నం వడ్డించింది. కరెంటు వచ్చే లోపలే లేచి, గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం, దీపాలు పెట్టిన కాసేపటికి, అమ్మ స్టూలు జరుపుకుని ఎక్కి గోడ మీది మెయిన్ దించేసింది. ఇల్లు చీకటైంది. "మామా, కరెంట్ పోయింది. రాండ్రి, అందరం తిందాం," అని పిలిచింది.

నాకు అర్థం కాలేదు. వంటింట్లోకి పోయి గుసగుసగా అడిగాను. "అమ్మా, తాతకు కనబడదు గదా. ఉత్తగ పోయిందని చెప్తె సాలదా?"

"ఉత్తగ చెప్తె అబద్ధమైతది బిడ్డా," అంది అమ్మ. "మనం జూస్తలేమని ఆయనకు చెప్పాలంటె, మనం నిజంగ జూడొద్దు."

అలా మొదలైంది. వీధిదీపం పడుతుందని సాయమాన్ నుంచి బంతిని నడిమింట్లోకి మార్చింది అమ్మ. కిటికీలకు పాత చీరలు కట్టింది. ముందు వాటాలో కిరాయికున్న విజయవాడ వాళ్ళ ట్యూబులైటు వెంటిలేటరులోంచి మా గోడ మీద పడేది. అమ్మ మొహమాటపడుతూ ఆ ఇంటావిడకు సంగతి చెప్పింది. ఆమె, "అయ్యో, దానికేం వదినగారూ, ఆ కాసేపు మేమూ ఆర్పేసుకుంటాం లెండి. పెద్దాయన తృప్తిగా తింటే అంతే చాలు," అంది. ఆదివారం సాయంత్రం వాళ్ళు నలుగురూ గేటు దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళు. పోయే ముందు ఆమె ఒక గిన్నెలో గోంగూర పచ్చడి మా గుమ్మంలో పెట్టేది. తాతకు ఆ పులుపంటే ఇష్టం.

చీకట్లో తినేవాళ్ళకు వంట రంగుతో పని లేదు. అది గమనించి అమ్మ ఆదివారం వంటే మార్చేసింది. పప్పుకు పొయ్యి మీద పోపు పెట్టేది కాదు. అందరం కూర్చున్నాక, మండే గంటెలో వెల్లిపాయ, ఎండుమిర్చి వేయించుకుని తెచ్చి మా మధ్యలో ఉన్న పప్పుగిన్నెలో వేసేది. చుయ్‌మని చప్పుడు, దాని వెంటే ఇల్లంతా వాసన. పచ్చిపులుసులోకి ఉల్లిగడ్డ అక్కడే పిసికేది. తాతకు అన్నం తగ్గించమన్నారని జొన్నరొట్టె కూడా చేసేది. వంటింట్లో రొట్టె కొట్టే చప్పుడు వింటే, "ఇగ రెండే ఉన్నయి, లేచి చేతులు కడుగుండ్రి," అనేవాడు తాత. ఏది ముందు పెట్టినా వాసన చూసి పేరు చెప్పాలి. చెప్పిన వాళ్ళకు అప్పడం. ఎప్పుడూ తాతే గెలిచేవాడు. గెలిచిన అప్పడాన్ని విరిచి, ఇటు నాకు, అటు తమ్ముడికి అందించేవాడు. చీకట్లో చెయ్యి చాపితే సరిగ్గా మా అరచేతిలోనే పడేది.

మేం ఊరుకుంటామా? యాటకూర వండిన ఆదివారం నేను తమ్ముడి కంచంలోంచి బొక్క లాగేసేదాన్ని. వాడు బాపు కంచంలోంచి లాగేవాడు. ఒకసారి దారి తప్పి నా చెయ్యి తాత కంచంలోకి పోయింది. చటుక్కున మణికట్టు పట్టుకున్నాడు. "దొంగ దొరికింది. గాజులున్నయి, గందుకే ఆడదొంగ," అన్నాడు. చెయ్యి వదలకుండానే ఆ ముక్కను నా చేతిలో పెట్టి గుప్పిట మూశాడు.

ఆ చీకట్లో పెద్దవాళ్ళు కూడా వేరే మనుషులయ్యేవాళ్ళు. పగలు రెండు మాటలకు మించి మాట్లాడని బాపు తన చిన్నప్పటి సంగతులు చెప్పేవాడు. అమ్మ తన పెళ్ళికి ముందు తన ఊళ్ళో పాడిన బతుకమ్మ పాటలు సన్నగా అందుకునేది. మామగారి ఎదుట అమ్మ పాడడం వెలుతురులో మేం ఎన్నడూ వినలేదు. ఆదివారం కోసం వారమంతా ఎదురుచూసేవాళ్ళం. తాత చొక్కా మళ్ళీ నిండింది.

ఒక్కటే ముల్లు. తాత ప్రతి ఆదివారం తోట గురించి అడిగేవాడు.

"కాత ఎట్లున్నదిరా?"

"మంచిగనే ఉన్నది నాయినా," అనేవాడు బాపు.

"ఉత్తరం దిక్కు కడీలు ఒంగినయి గదా, సక్కజేసినవా?"

"చేసిన నాయినా."

ఆ కడీలను లారీలో వేసుకుని పోతుంటే నేనూ తమ్ముడూ చూశాం. బాపు అబద్ధం ఆడుతున్నాడని మాకు కోపం రాలేదు. ఆయన గొంతు ఎలా వణికేదో పక్కనే కూర్చున్న నాకు తెలుసు. చీకటి తాతకే కాదు, బాపుకు కూడా కావలసి వచ్చిందని ఇప్పుడనిపిస్తుంది. ద్రాక్ష కాలంలో కొత్తపేట పండ్ల మార్కెట్ నుంచి బాపు ఒక బుట్ట తెచ్చాడు. ఆ ఆదివారం బంతిలో తాత చేతికి ఒక గుత్తి ఇచ్చి, "మన తోటయి నాయినా," అన్నాడు. తాత ఒక్కొక్క కాయనూ వేళ్ళతో తడుముతూ ఎంతోసేపు ఉండిపోయాడు. ఒకటి నోట్లో వేసుకున్నాడు. "మంచిగున్నయి," అని, మిగతా గుత్తి మా ఇద్దరికీ పంచేశాడు.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం మేం సగం భోజనంలో ఉండగా గేటు చప్పుడైంది. మా తోటలో ప్లాటు కొన్న ఒకాయన. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న పెద్దమనిషి. మంచివాడు. చేతిలో మిఠాయి పొట్లం. వీధి వెలుగు వెనక నుంచి పడి గుమ్మంలో నల్లటి నీడలా నిలబడ్డాడు.

"ఏమండీ, ఉన్నారా? ఇదేంటండీ, వీధంతా దీపాలు వెలుగుతుంటే మీ ఇల్లొక్కటే చీకటిగా ఉంది? ఫ్యూజు పోయిందేమో, చూడమంటారా?"

బాపు గబగబా లేచాడు. "వద్దు సార్, మేం జూస్కుంటం. బయట కూసుందాం రాండ్రి."

"ఫర్వాలేదండీ, నిలబడే చెప్పేసి వెళ్తాను. గురువారం మా ఇంటికి గుమ్మం ఎత్తుతున్నాం. మీరు తప్పకుండా రావాలి, మీ చేతి నేల కదా అది! పునాదులు తవ్వుతుంటే చూడాలి, ఎంత లోతుకు పోయినా ద్రాక్ష వేళ్ళేనండీ. కూలీలు గొడ్డలి పెట్టి నరకాల్సి వచ్చింది. బావి పూడ్చిన వైపు మాత్రం మట్టి ఇంకా కుంగుతూనే ఉంది. మీ నాన్నగారు ఎంత ప్రాణం పెట్టి పెంచారో ఆ తోట! వారెలా ఉన్నారు?"

బంతి మొదట్లోంచి తాత గొంతు వినిపించింది.

"మంచిగున్న సారూ. రా, కూసో. బువ్వ తిని పో."

ఆయన ఉలిక్కిపడ్డాడు. చీకట్లో ఇంతమంది ఉన్నారని అనుకోలేదేమో. "అయ్యో, ఇప్పుడే తిని వచ్చానండీ, నమస్కారం," అని పొట్లం గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు.

బాపు వచ్చి తన చోట కూర్చున్నాడు. కంచంలో చెయ్యి పెట్టిన చప్పుడు లేదు. వీధిలో ఎవరింట్లోనో రేడియో మోగుతోంది. అది అంతకుముందు నుంచీ మోగుతూనే ఉంది. ప్రతి ఆదివారం మోగుతూనే ఉండి ఉంటుంది.

"గొడ్డలి వెట్టి నరికిన్రంట," అన్నాడు తాత. "గట్టిగుంటయి గా వేళ్ళు."

"నాయినా, చెప్దామనే అనుకున్న... నా నోటికి..." అంటూ బాపు ఏడ్చాడు. బాపు ఏడవడం నేనెప్పుడూ వినలేదు. తాత చెయ్యి గాలిలో వెతుకుతున్న అలికిడి వినిపించింది. బాపు భుజం దొరికింది కాబోలు.

"బువ్వ కాడ ఏడ్వొద్దురా," అన్నాడు తాత. "తిను. ...బిడ్డా, ఇంకింత పచ్చిపులుసు పొయ్యి."

అమ్మ పోసింది. తాత కంచం ఖాళీ చేశాడు. ఒక్క మెతుకు మిగల్చలేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. అమ్మ ఏం చెయ్యాలో తోచక, దీపాలు పెట్టాక అలవాటు ప్రకారం స్టూలు జరిపింది. స్టూలు కాళ్ళు నేల మీద గీసిన చప్పుడుకు వెనక గది తలుపు తెరుచుకుంది. తాత గోడ పట్టుకుని నడిమింట్లోకి వచ్చి, తన పీట ఎక్కడుందో కాలితో వెతుక్కుని కూర్చున్నాడు.

"స్టూలు ఎక్కుడు బంద్ చెయ్యి బిడ్డా. కాలు జారితె ఎట్ల? ఎన్ని రోజుల సంది నాకు ఒకటే భయం," అన్నాడు. "లైటు ఉండనీ. ఇగ దాసుకునేటిది ఏమున్నది?"

అమ్మ స్టూలు వదిలేసి కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. మొదటి ఆదివారం నుంచీ ఆయనకు తెలుసు. ఆ చప్పుడు వింటూనే, మెయిన్ దించాక ఫ్యాను రెక్కలు నెమ్మదించడం వింటూనే, "కరెంట్ పోయిందా బిడ్డా?" అని అడుగుతూ వచ్చాడు.

ఆ రాత్రి లైటు కింద తిన్నాం. అమ్మ పోపు గంటె తెచ్చి మధ్యలో వేసింది. చుయ్‌మంది. ఎవరూ వాసన చూసి పేరు చెప్పలేదు. తాత చొక్కా మీద పప్పు కారింది. గడ్డానికి రొట్టె ముక్క అంటుకుంది. తమ్ముడు తలొంచుకున్నాడు. మేమందరం ఎవరి కంచంలోకి వాళ్ళం చూసుకుంటూ తిన్నాం. తాత మా ఎదుట, వెలుతురులో, ఏ సిగ్గూ లేనట్టు తిన్నాడు. కానీ రొట్టె సగం మిగిల్చాడు. తోట ఊసెత్తలేదు. బాపు తన చిన్నప్పటి కథలేవీ చెప్పలేదు. అమ్మ పాడలేదు.

ఆ తర్వాత ప్రతి రాత్రీ బంతికి వచ్చాడు. అమ్మ కోరుకున్నది అదే కదా. తీరా వచ్చాక ఆయన కంచం రోజు రోజుకూ తినక మిగిలిన అన్నంతో బరువుగా లేవసాగింది. చలికాలం రాకముందే మంచం పట్టాడు. చివరి రోజుల్లో అమ్మ చెంచాతో అంబలి పడితే, రెండు చెంచాలయ్యాక అమ్మ చెయ్యి పట్టుకుని, "నువ్వు తిన్నవా బిడ్డా?" అని అడిగేవాడు.

తాత పోయిన మూడోనాడు పిట్టకు పెట్టడానికి పోయాం. ఆయనకు ఇష్టమైనవన్నీ అమ్మ వండింది. ముందు వాటా ఆమె గోంగూర పచ్చడి చేసి ఇచ్చింది. విస్తరిలో పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, దిగడం లేదు. చుట్టాలు తలా ఒక మాట అంటున్నారు. ఏం కోరికుండిపోయిందో అన్నారు, తోట మీదే ప్రాణమన్నారు. బాపు తల ఎత్తడం లేదు. అప్పుడు అమ్మ, పెద్దవాళ్ళ ఎదుట ఎన్నడూ గొంతెత్తని మా అమ్మ, గట్టిగా అంది.

"అందరు గిటు తిరుగుండ్రి. మనం జూస్తుంటె ఆయన తినడు."

ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. బాపు తిరిగాడు. తమ్ముడి భుజం పట్టుకుని నేనూ తిరిగాను. మా వెనక రెక్కల చప్పుడైంది. అమ్మ కూడా చూడలేదు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అక్కడ కింద సెల్‌ఫోన్ దుకాణాలు, పైన ఆడపిల్లల హాస్టలు. పండ్ల మార్కెట్ బాటసింగారం పోయింది. బాపు పోయాడు, అమ్మ పోయింది. తమ్ముడు నాదర్‌గుల్ వైపు ఇల్లు కట్టుకున్నాడు. కలిసినప్పుడు మేమిద్దరం తాత గురించి మాట్లాడుకుంటాం గానీ, ఆ ఆదివారాల గురించి మాట్లాడుకోం. ఎవరం మొదలుపెట్టినా రెండోవాళ్ళం టీ పెడతామని లేచిపోతాం.

ఈ మధ్య ఒక్కటి తెలుస్తోంది. అమ్మ ముఖం, తాత ముఖం నాకు చాలా చోట్ల గుర్తున్నాయి. బావి గట్టు మీద, పెళ్ళి పందిట్లో, దవాఖాన మెట్ల మీద. కానీ మా ఇంట్లో అందరం కడుపునిండా తిని, నవ్వి, పాడుకున్న ఆ భోజనాలు తలుచుకుంటే నాకు ఏ బొమ్మా కనిపించదు. నేను చూడలేదు కదా. గొంతులున్నాయి, వాసనలున్నాయి, నా మణికట్టు మీద ముసలి వేళ్ళ పట్టు ఉంది. తాత నవ్వినప్పుడు ఆయన ముఖం ఎలా ఉండేదో, పాడేటప్పుడు అమ్మ కళ్ళు మూసుకునేదో లేదో నాకు తెలియదు. కళ్ళకు కట్టినట్టు కనిపించేది లైటు కింద తిన్న ఆ ఒక్క రాత్రే. దాన్ని మరిచిపోదామంటే, తాతను నేను బంతిలో చూసిన ఆఖరి బొమ్మలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి, దానితో పాటు అవీ పోతాయి.